పేరంటాల దిబ్బ మీద తొలికోత

మీరే చేశారు.

పొక్లెయిన్ చేసిందనకండి. దానికి కళ్లు లేవు. ఎవరో ఒకరు ముందు నిలబడి దారి చూపిస్తేనే కదులుతుంది. కొంగలలంక కులపెద్ద రత్తయ్య బాబాయ్, నువ్వు చేశావు. విజయవాడలో కూర్చుని మా కొల్లేటి మీద గీతలు గీసిన చక్రి గారూ, మీరు చేశారు. కడవలెత్తి నీళ్లు పోసి నవ్విన పిన్నమ్మలూ వదినలూ, అందులో మీ చేతులూ ఉన్నాయి. అందరికన్నా ముందు నువ్వు, హేమసుందర్. నా తోడబుట్టినవాడివి. నాన్న గొంతు నాన్న కొడవలితోనే కోశావు.

ఇంతంత మాటలంటోందేంటి ఈవిడ అనుకునేవాళ్లుంటారు. వాళ్ల కోసం ఈ చలికాలం జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు మెత్తగా చెప్పడం రాదు.

కొంగలలంక కొల్లేటి ఒడ్డున ఉంటుంది. ఊరికి తూర్పున, నీళ్ల మధ్య, పేరంటాల దిబ్బ. దాని నిండా కిక్కిస. బయటివాళ్లు దాన్ని గడ్డి అంటారు. మనిషి మీద మనిషి నిలబడ్డా అందనంత ఎత్తు పెరుగుతుంది, అది గడ్డేనా? లోపల వెదురులాగా బోలు, పైన నున్నటి బెరడు, కొసన గోధుమరంగు కుచ్చు. మా ఇళ్ల కప్పు అదే, తడికలు అవే, చేపలు పట్టే మావులు అవే. మా నాన్న పోలరాజుకి మాత్రం అది పిల్లనగ్రోవి. ఆయన వాళ్ల నాన్నకీ అంతే. వల వెయ్యడం అందరికీ వచ్చు, పిల్లనగ్రోవి చెయ్యడం మా ఒక్క ఇంటికే వచ్చు.

అందుకే దిబ్బ మీద తొలికోత మా ఇంటిది. పిల్లనగ్రోవికి పనికొచ్చే ముదురు కాడ దిబ్బ నడిమధ్యలో ఉంటుంది. ముందు వేరేవాళ్లు పడితే తొక్కిడికి అది చిట్లిపోతుంది. అందుకని శివరాత్రి జాగారం అయిన తెల్లారి నాన్న తాటిదోనె వేసుకుని వెళ్లి ఒక్క కాడ కోస్తాడు. కుచ్చు దులపకుండా భుజాన వేసుకుని నడివీధిలో నడిచొస్తాడు. ఆడవాళ్లు కడవలతో ఎదురొచ్చి కుచ్చు మీద నీళ్లు పోస్తారు. అంతే, దిబ్బ తెరిచినట్టు. ఆ తర్వాత ఎవరికి కావలసింది వాళ్లు కోసుకుంటారు, గేదెల్ని తోలుకుంటారు. అంతకుముందు ఒక్క పుల్ల విరిచినా దిబ్బ మీది దేవత పేరంటాలు ఊరుకోదని మా వాళ్ల నమ్మకం. నమ్మకం కాబట్టే చుట్టూ ఊళ్ల దిబ్బలన్నీ చేపల చెరువులైపోయినా మాది మిగిలింది.

మిగిలింది కాబట్టే చక్రి గారి కన్ను పడింది. మా చుట్టుపక్కల చెరువులు సగం ఆయనవే. దిబ్బ చదును చేసి గట్టు పోస్తే రెండు చెరువులు కలిసిపోయి పెద్ద చెరువవుతుంది. కొల్లేటిలో అలా తవ్వకూడదని చట్టం ఉంది. కానీ ప్రభుత్వం తరఫున కొలతలకి వచ్చేవాళ్లు కంటికి కనిపించిందే రాస్తారు. కిక్కిస నిలబడి ఉంటే కొల్లేరు అని రాస్తారు, నేల చదునై కనబడితే చెరువు భూమి అని రాస్తారు. ఒకసారి రాశాక దాన్ని చెరపాలంటే మనిషి జన్మ చాలదు.

నేను ఏడో తరగతితో ఆపేశాను. మిగతా చదువంతా ఆఫీసుల గుమ్మాల్లో నిలబడి చదువుకున్నాను. గుణదలలో రైలు కట్ట పక్కన ఒంటిగది పోర్షన్ నాది. పొద్దున్న చేపల మార్కెట్టు, మధ్యాహ్నం నుంచి ఆఫీసులు. చేపల వాసనొస్తోంది, దూరంగా నిలబడమ్మా అన్నవాళ్లకి ఇంకా దగ్గరగా నిలబడ్డాను. అలా నిలబడి నిలబడి కొలతలవాళ్లని ఒప్పించుకున్నాను: శివరాత్రికి ముందే వచ్చి దిబ్బ చూస్తాం, చూసింది రాస్తాం అని.

సంగతి తెలిసి ఊళ్లో మీటింగు పెట్టారు, చేపల సొసైటీ షెడ్డులో. చక్రి గారు తెల్ల చొక్కాలో వచ్చారు. బురద అంటని బూట్లు.

"దిబ్బ ఊరిదండీ. ఊరికి కావాలంటేనే నేను. వద్దంటే ఇప్పుడే కారెక్కి పోతా," అన్నారు.

"ఎక్కండి మరి," అన్నాను.

షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. రత్తయ్య బాబాయ్ మాత్రం నవ్వలేదు.

"నువ్వాగవే మల్లీ. ఆయన ఊరికి మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తానంటున్నారు. నువ్వు కట్టిస్తావా?"

"మన నీళ్లు పాడుచేసిందే ఆయన చెరువులు కదా బాబాయ్. మేత కుళ్లబెట్టి మన రేవులోకి వదిలేది ఎవరు?"

వెనక కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిడ అంది, "ఎవరు పాడుచేస్తే ఏంటమ్మా, కుళాయి తిప్పితే నీళ్లు రావాలి మాకు. నువ్వు బెజవాడలో ఉంటావు, నీకేం తెలుసు మోసే బాధ."

ఆ మాట నిజమే.

చివరికి రత్తయ్య బాబాయ్ లేచి చెయ్యి చాపాడు. "తొలికోత దాకా దిబ్బ ఎవరూ ముట్టరు. అది పేరంటాలి కట్టుబాటు. తొలికోత అయ్యాక ఊరి ఇష్టం."

"మీ ఆచారం నేను కాదంటానా అండీ," అన్నారు చక్రి గారు. "తొలికోత అయ్యాకే నా మెషీన్ దిగుతుంది. అంతకుముందు పారెడు మట్టి తీసినా నన్ను నిలబెట్టి అడగండి."

అందరూ నాన్న వైపు చూశారు. ఆయన షెడ్డు స్తంభానికి ఆనుకుని, పిల్లనగ్రోవి బెజ్జంలో వేలు పెట్టి నున్నగా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

"ఏం పోలరాజూ, ఈయేడు శివరాత్రి ఎప్పుడు?" అన్నాడు బాబాయ్.

"పంచాంగం నీ ఇంట్లో ఉంది, కొడవలి నా ఇంట్లో ఉంది. నువ్వు చెప్పిన రోజే కోస్తా," అన్నాడు నాన్న. మళ్లీ అందరూ నవ్వారు.

నేను నిశ్చింతగా బస్సెక్కాను. శివరాత్రికి ముందు కొలతలవాళ్లొస్తారు, శివరాత్రి దాకా కొడవలి లేవదు. ఇంక ఎవడేం చెయ్యగలడు అనుకున్నాను.

ఫిబ్రవరిలో గుణదల మరియమాత తిరనాళ్లు. నాన్న ప్రతి ఏడూ వస్తాడు. గడ్డి చుట్టిన గెడకి పిల్లనగ్రోవులు గుచ్చి కొండ కింద నిలబడతాడు. పైన ప్రార్థనలు, కింద జీళ్లు, బొమ్మలు, కొవ్వొత్తులు, మధ్యలో మా నాన్న ఊదుతూ. మనం కొలిచేది పేరంటాలిని కదా, ఇక్కడేం పని అని ఎవరో అడిగితే, "ఆవిడా తల్లే, ఈవిడా తల్లే. పిల్లల చేతికి ఊదేదిస్తే ఏ తల్లి వద్దంటుంది?" అన్నాడు.

ఈ ఏడు తిరనాళ్ల సాయంత్రం నేను ఆఫీసుల నుంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. జనంలోంచి కాయితం కప్పుల్లో టీలు పట్టుకుని హేమసుందర్ వచ్చాడు.

మా తమ్ముడు హనుమాన్ జంక్షన్‌లో చేపల మేత గోడౌన్లో పనిచేస్తాడు. నాన్న తిరనాళ్లకి వాడు ఏనాడూ రాలేదు. చిన్నప్పుడు బళ్లో పిల్లలు 'ఊదుడుగాడి కొడుకు' అని ఏడిపిస్తే పిల్లనగ్రోవి పొయ్యిలో పెట్టినవాడు వాడు.

"ఏరా, దారి తప్పావా?" అన్నాను.

"నీకోసం రాలేదులే అక్కా. నాన్న కోసం వచ్చా." టీ నాన్న చేతికిచ్చి, గెడ మీంచి ఒక పిల్లనగ్రోవి తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. "నాన్నా, నాకు నేర్పు."

"ఏం నేర్పాలిరా?"

"ఇదే. చెయ్యడం. నీ తర్వాత చేసేవాళ్లు లేరు కదా."

నాన్న టీ తాగలేదు. వాడి మొహం చూశాడు, నా మొహం చూశాడు. "ఇన్నాళ్లూ దీన్ని చూస్తే నీకు ఒళ్లు మంట కదరా."

"అప్పుడు చిన్నోణ్ణి నాన్నా. మొదట్నించీ నేర్పు. కాడ ఎంచడం దగ్గర్నించీ."

నాన్న ఆ తర్వాత వచ్చిన పాపకి పిల్లనగ్రోవి తిరగేసి ఇచ్చాడు. ఆ పాప కింది కొసలో ఊది ఊది, "తాతా, ఇది పలకట్లేదు" అంది. నాన్న నవ్వుతూ సర్ది ఇచ్చాడు, డబ్బులు తీసుకోవడం మర్చిపోయాడు. సంతోషంతోనే. నేను మొహం తిప్పుకుని కొవ్వొత్తుల కొట్టు వైపు చూశాను, నా కళ్లు వాడికి కనబడకూడదని.

తిరనాళ్లు అయ్యాక ఇద్దరూ కలిసి ఊరెళ్లారు. తండ్రీ కొడుకులు ఒకే సీట్లో కూర్చుని వెళ్లడం నేను అదే మొదటిసారి చూడటం.

కొలతలవాళ్లు వచ్చే ముందురోజు నేనూ బయల్దేరాను. వాళ్లు దిబ్బ చుట్టూ తిరిగేటప్పుడు పక్కన లేకపోతే ఎవడో ఒకడు ఏదో ఒకటి చెబుతాడు. హనుమాన్ జంక్షన్ దాటాక బస్సు కిటికీలోంచి అన్నీ చెరువులే. అద్దాలు పరిచినట్టు, చెట్టు లేదు, పిట్ట లేదు. మా ఊరి మలుపులో మాత్రం దూరంగా కిక్కిస కుచ్చులు ఎండలో ఊగుతున్నాయి. చూసి ఊపిరి పీల్చుకున్నాను.

ఆటో దిగేసరికి వీధి మధ్యలో నవ్వులు, కేకలు.

నాన్న ముందు నడుస్తున్నాడు, పంచె మోకాళ్ల దాకా తడిసి. వెనక హేమసుందర్. వాడి భుజం మీద కిక్కిస కాడ. పచ్చిది, వాడికన్నా పొడుగు. కుచ్చు అలాగే ఉంది, దులపలేదు.

రత్తయ్య బాబాయ్ భార్య వెంకటరత్నమ్మ కడవతో ఎదురొచ్చి కుచ్చు మీద నీళ్లు పోసింది. వెంటనే ఇంకొకావిడ. ఇంకొకావిడ. నీళ్లు జారి నాన్న మొహం మీద పడ్డాయి. ఆయన తుడుచుకుంటూ నవ్వుతున్నాడు, చేతులు అడ్డం పెడుతున్నాడు.

"లేదమ్మా, ఆగండమ్మా, ఇది తొలికోత కాదు. పిల్లాడికి నేర్పడానికి ఒక్కటే కోశా..."

ఎవరూ వినలేదు. నవ్వుల్లో ఆ మాట కొట్టుకుపోయింది.

"ఏంటి పిన్నీ ఇది?" అన్నాను.

"ఏంటేంటే మల్లీ! మీ నాన్న కాడ మోసుకొస్తే ఎదురు రావొద్దా? అపచారం కాదూ?" అంది వెంకటరత్నమ్మ. నా కళ్లలోకి చూడలేదు.

నేను వీధి అటు చివర్నుంచి ఇటు చివరికి చూశాను. మా ఊళ్లో కుళాయి పొద్దున్నే ఒకసారి వస్తుంది. మధ్యాహ్నానికి ఏ ఇంట్లోనూ తాగడానికి చెంబెడు మిగలవు. ఆ వేళ ప్రతి గుమ్మంలో కడవ నిండుగా ఉంది. ప్రతి కడవకీ పసుపు రాసి ఉంది.

హేమసుందర్ కాడ దించి గోడకి ఆనించాడు. నేను వాణ్ణి చూశాను. వాడు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

అమ్మ పొయ్యి ఊదుతూ చెప్పింది. అమ్మ పేరు పేరమ్మ, ఆవిడకి దాచడం చేతకాదు. "వచ్చిన దగ్గర్నించీ ఒకటే నస. ముదురు కాడ ఎలా పలుకుతుందో కోసి చూపించు నాన్నా, ఎండిపోయినవి చూస్తే నాకేం తెలుస్తుంది అని. ఈయన శివరాత్రి రానీ అన్నాడు. శివరాత్రికి నాకు సెలవివ్వరు నాన్నా, మేత లారీలు దిగుతాయి, ఇప్పుడు నేర్పకపోతే ఇంక నేర్చుకోలేను అన్నాడు. ఒక్కటే కదా, పెరటి రేవులోంచి చాటుగా తెచ్చుకుందాం, పేరంటాలికి చెప్పుకుందాం అనుకున్నాడు ఈయన. తీరా దోనె తిప్పేచోట, వీధి రేవులో దిగుదాం నాన్నా, నీ కొడుకు కాడ మోస్తుంటే ఊరు చూడొద్దా అన్నాడంట వాడు."

"నాన్న ఏమన్నాడు?"

"ఏమంటాడే. గెడ అటు వేశాడు."

నేను రత్తయ్య బాబాయ్ ఇంటికి పరిగెత్తాను. తాళం. "ఇప్పుడే కైకలూరు పెళ్లికెళ్లారు," అంది పక్కింటావిడ. నీళ్లు పోసిన కడవ ఇంకా వాళ్ల అరుగు మీదే బోర్లించి ఉంది.

తిరిగొచ్చేసరికి వసారాలో నాన్న కొడుక్కి పాఠం మొదలుపెట్టాడు. కోసుకొచ్చిన పచ్చి కాడ కణుపుల దగ్గర తెగ్గొట్టి పొయ్యి మీది దూలానికి వేలాడదీశాడు. అది పొగ తాగి తాగి వచ్చే ఏడుకి గాని పనికిరాదు. నేర్పడానికి నిరుటి కాడ దించాడు. గోటితో కొట్టి వాడి చెవి దగ్గర పెట్టాడు.

"విను. కంచు పలికినట్టు పలకాలి. డబ్బా పలికినట్టు పలికితే పొయ్యిలో పెట్టెయ్. నీకలవాటే కదా."

వాడు నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. అంత మాట అని నవ్వుకోగలిగేంత దగ్గరయ్యారు.

చువ్వ నిప్పుల్లో ఎర్రబడింది. నాన్న ఊదే బెజ్జం పెట్టి, వేళ్ల బెజ్జాలకి బొటనవేలి అడ్డంతో కొలిచి మసి చుక్కలు పెట్టాడు. "చువ్వని నొక్కకూడదు. దాని బరువే దాన్ని దింపుతుంది. నువ్వు నొక్కితే చిట్లుద్ది." హేమసుందర్ చువ్వ పట్టుకున్నాడు. పొగ లేచింది, తియ్యటి కాలిన వాసన. చిట్లలేదు. అన్నీ వరసగా దిగాయి. నాన్న వల బెండు ముక్క ఒకటి తీసి, అదే జీలుగు బెండు, లోపలికి దూర్చి పుల్లతో కొద్దికొద్దిగా తోశాడు. "ఇక్కడ ఉంది దీని గొంతు. వెంట్రుకవాసి అటయితే గుర్రు, ఇటయితే కీచు." తేనెమైనం కరిగించి బెండు చుట్టూ మూశాడు. ఆముదం రాశాడు. ఊదాడు.

పలికింది. నేను కోపంలో ఉన్నా ఒళ్లు జలదరించింది.

"నాన్నా," అన్నాను, "వీధిలో నీళ్లు పోశారు."

"పోస్తే పోశారులేవే. ఆడంగులు సరదా పడ్డారు. రత్తయ్యకి తెలియదా? రేపు నేనే చెబుతా." పిల్లనగ్రోవి కొడుకు చేతికిచ్చాడు. "వాడి చెయ్యి చూశావా? నా మొదటిది మూడు ముక్కలయ్యింది. వీడిది చూడు."

హేమసుందర్ తల వంచుకుని దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

తెల్లవారి నన్ను లేపింది పిట్టలు. దిబ్బ మీది నీటికోళ్లు, కొంగలు, అన్నీ ఒకేసారి లేచి మా ఇంటి మీదుగా అరుచుకుంటూ పోయాయి. తర్వాత ఇంజను మోత వినబడింది.

గట్టు మీదికి పరిగెత్తాను. బల్లకట్టు లాంటి పంటు మీద పొక్లెయిన్‌ని నీళ్లు దాటించారు. దిబ్బ మీద అది ఎక్కిన మేర కిక్కిస పడుకుంది. పడుకున్నది లేవలేదు. కుచ్చుల నూగు గాల్లో మంచులాగా లేచింది. బండి మెట్టు మీద నిలబడి, చెయ్యెత్తి, ఇటు మెత్తన, అటు గట్టి అని డ్రైవరుకి చూపిస్తున్నవాడు హేమసుందర్. దిబ్బలో ఎక్కడ కాలు దిగుతుందో, ఎక్కడ దిగదో నాన్న ముందురోజే వాణ్ణి నడిపించి నేర్పాడు.

నేను నీళ్లలో దిగి గొంతు పోయేదాకా అరిచాను. మోతలో ఎవడికి వినబడుతుంది? గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. ఒక్కడు కదల్లేదు.

మధ్యాహ్నం కొలతలవాళ్లు వచ్చారు. చదునైన నేల చూశారు. కనబడింది రాసుకున్నారు. "మీరు చెప్పినట్టు లేదేంటమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దాయన, పాపం నిజంగానే ఆశ్చర్యపడుతూ.

సాయంత్రం సొసైటీ షెడ్డులో మళ్లీ మీటింగు. పెళ్లికెళ్లిన రత్తయ్య బాబాయ్ దిగాడు. చక్రి గారు రాలేదు. రావలసిన పని లేదు.

"మాట తప్పారు," అన్నాను. "శివరాత్రి రాలేదు. తొలికోత కాలేదు. నాన్నని మోసం చేసి ఒక్క కాడ కోయించి, నీళ్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. కడవలెప్పుడు నింపారు? ఎవరు నింపమన్నారు? చెప్పండి!"

ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు.

రత్తయ్య బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "మల్లీ, నువ్వు ఊళ్లో లేవు. తొలికోత ఎవరిది? పోలరాజుది. కోసిందెవరు? పోలరాజు. మోసుకొచ్చింది ఆయన కొడుకు. నీళ్లు పడ్డాయి. ఇంక దాన్ని ఏమంటారు? ఆయన్నే అడుగుదాం. ఏం పోలరాజూ, నిన్ను ఎవరన్నా బలవంతం చేశారా?"

నాన్న స్తంభం దగ్గరే ఉన్నాడు. షెడ్డు అవతలి కొసన హేమసుందర్. కాళ్లకి దిబ్బ బురద ఇంకా ఆరలేదు.

నాన్న ఒక్క మాట అంటే చాలు. నేర్చుకుంటానని వచ్చి మోసం చేశాడు అనాలి. అంటే ఆ కోత చెల్లదు, మళ్లీ కొలతలు అడగొచ్చు, కోర్టుకి పోవచ్చు. నేను ఆయన వైపే చూశాను. "చెప్పు నాన్నా," అన్నాను.

ఆయన కొడుకు వైపు చూశాడు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు," అన్నాడు. "నా ఇష్టంతోనే కోశా. పిల్లాడు అడిగాడు, కోశా."

లేచి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

అది నాకు తగిలిన రెండో దెబ్బ. మొదటిది తమ్ముడిది. ఏది ఎక్కువ నొప్పో ఇప్పటికీ తెలియదు.

హేమసుందర్‌ని షెడ్డు వెనక పట్టుకున్నాను. చొక్కా పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు.

"ఏమిచ్చార్రా నీకు?"

"చెరువు మీద సూపర్వైజరు పని. ఊళ్లోనే. అమ్మానాన్నల దగ్గరే ఉంటా."

"నాన్న దగ్గరా? ఏ మొహం పెట్టుకుని?"

"నువ్వు బెజవాడలో ఉండి దిబ్బ దిబ్బ అంటావు. ఇక్కడ బతికేది మేము. ఆ దిబ్బ వల్ల ఎవడు బాగుపడ్డాడు అక్కా? నాన్న ముసలాడయ్యేదాకా తిరనాళ్లలో నిలబడి ఊదాలా? ఎవడో జాలిపడి కొనాలా? రేపు దాన్నెలాగూ ఎవడో ఒకడు తవ్వుతాడు. ఆ ఎవడో మన ఊరోడైతే తప్పేంటి?"

"తవ్వితే తవ్వావు. నేర్పమని ఎందుకడిగావురా?"

వాడు చొక్కా సర్దుకుని, "వేరే దారిలో ఆయన కొయ్యడు కదా," అన్నాడు.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. దిబ్బ చుట్టూ గట్టు లేచింది. నీళ్లు తోడెయ్యగా అడుగు నెర్రెలు తీసింది. మంచినీళ్ల ట్యాంకుకి గొయ్యి తవ్వి వదిలేశారు. ఇంకెవరూ దాని మాట ఎత్తరు. ఆ మధ్య చక్రి గారు పీవీసీ గొట్టాలు ఒక కట్ట పంపారు, "పోలరాజు గారిని వీటితో చెయ్యమనండి, బళ్లో పిల్లలకి పంచుదాం" అని. నాన్న ఒక గొట్టం తీసి గోటితో కొట్టి విన్నాడు. తర్వాత అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని బట్టలారేసే తీగకి ఊతగా పెట్టుకుంది.

నాన్న హేమసుందర్‌ని ఒక్క మాట అనడు. ఎవరన్నా ఎత్తితే, "వాడికి మంచి చెయ్యుంది" అంటాడు. అంతే. వాడు రాత్రి చెరువు గట్టు మీద పాకలోనే పడుకుంటున్నాడు. ఇంటికి భోజనానికి కూడా రాడు. అమ్మ క్యారేజీ పంపుతుంది.

పోయిన వారం నేను గట్టు దాటి దిబ్బలోకి దిగాను. కాపలావాడు కేకలేశాడు, వెయ్యనీ. చేత్తో తవ్వి చూశాను. పైన ఎండింది గాని మోచేతి లోతులో తడుంది. ఆ తడిలో కిక్కిస దుంపలున్నాయి. విరిస్తే లోపల తెల్లగా, పచ్చివాసన. చావలేదు. తొలకరి నీళ్లు మామూలుగా ఎక్కి దిగితే మళ్లీ మొలుస్తాయి. కానీ గట్టు ఇలాగే ఉండి, లోతు నీళ్లు నింపి, చేప పిల్లలు వదిలి, మేత చల్లారో, ఈ ఏడాదికే కుళ్లిపోతాయి. వర్షాకాలానికి ఎంతో దూరం లేదు.

కాబట్టి కబుర్లొద్దు.

రత్తయ్య బాబాయ్, మళ్లీ షెడ్డులో ఊరిని కూర్చోబెట్టు. శివరాత్రికి ముందు పడిన కోత తొలికోత కాదని, దిబ్బ తెరవలేదని, కులపెద్దగా నిలబడి చెప్పు. నువ్వు చెప్పిన మాట పట్టుకుని నేను కొలతలవాళ్లని మళ్లీ తీసుకొస్తాను. వెంకటరత్నమ్మ పిన్నీ, కడవలు నింపమని ఇల్లిల్లూ తిరిగి చెప్పిందెవరో ఆ మీటింగులో చెప్పు. తిరిగింది నువ్వే అయితే నేనే అని చెప్పు. చక్రి గారూ, మీ బండి తీయించండి. పారెడు మట్టి తీసినా నిలబెట్టి అడగమన్నారు కదా, ఇదిగో అడుగుతున్నాను. గట్టు మీద నిలబడి చూసిన ఊరివాళ్లూ, మీ ఇళ్లలో పారలున్నాయి. తొలకరి పడే లోపల తీసుకుని రండి. గట్టు తెంచాలి.

హేమసుందర్, మొదటి పార నువ్వు వెయ్యాలి. వేసి, ఆ బురద కాళ్లతోనే ఇంటికి వెళ్లి, నేర్చుకోవడానికి రాలేదు నాన్నా అని ఆయన ఎదుట నిలబడి చెప్పాలి. ఆయన నమ్మడు. అయినా చెప్పు.